గాలివానకు నిలిచిన ఇల్లు ఎండకూ నిలవాలి

పిల్లలూ!

మే నెలలో ఒక రాత్రి ఎనిమిది గంటలకు మీ ఇంటి మిద్దెమీదికి ఎక్కి, చెప్పులు విడిచి నిలబడండి. అప్పటికి పొద్దు గూకి గంటన్నర అయి ఉంటుంది. తూర్పునుంచి సముద్రపు గాలి వీస్తూ ఉంటుంది. పక్కనున్న వేపచెట్టు ఆకు తాకితే చల్లగా ఉంటుంది. మీ పాదాల కింద శ్లాబు మాత్రం పొయ్యిమీదనుంచి దించి కాసేపైన పెనంలా తగులుతుంది.

ఎండ లేదు, నిప్పు లేదు. మరి ఈ వేడి ఎక్కడిది? ఎటు పోతుంది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే, మన ఇళ్ళను గురించీ మన కరెంటును గురించీ చాలా సంగతులు తెలిసినట్లే. జవాబు చెప్పేముందు ఒక పాత సంగతి చెబుతాను, వినండి.

మాది నెల్లూరు తీరంలో ఒక పల్లె. నా చిన్నతనంలో మా ఇల్లు తాటాకు ఇల్లు. మట్టిగోడలు, కిందికి వాలిన చూరు, లోపలికి వంగి వెళ్ళాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ కాస్తున్నా లోపల పడుకుంటే మా అమ్మకు మధ్యాహ్నం నిద్ర పట్టేది. 1989 నవంబరులో పెద్ద గాలివాన వచ్చింది. థాయిలాండు పక్క సముద్రంలో పుట్టి, ఆ దేశం దాటి, బంగాళాఖాతంలో బలం పుంజుకొని మన కావలి దగ్గర తీరం దాటిన తుపాను అది. దానికి ‘గే’ అని పేరు. ఆ రాత్రి మా ఇంటి కప్పు ఏమయిందో ఎవరికీ తెలియదు. తెల్లవారేసరికి గోడలు కరిగిపోయి, మధ్య గుంజ ఒక్కటే నిలబడి ఉంది. మేము బడిలో తలదాచుకున్నాము కనుక బతికాము. ఆ బడికి శ్లాబు ఉంది.

ఆ తరువాత మా ఊళ్ళో అందరికీ ఒకటే కోరిక: శ్లాబు ఇల్లు. కొందరికి ప్రభుత్వం కట్టించింది, కొందరు అప్పు చేసి కట్టుకున్నారు. మేమూ కట్టుకున్నాము. అది మంచి పనే. తాటాకు ఇల్లు గాలికి ఎగిరిపోయేది, వేసవిలో నిప్పురవ్వ పడితే వాడంతా కాలిపోయేది. పూరిళ్ళే నయమని చెప్పడానికి నేను ఈ వ్యాసం రాయడం లేదు. శ్లాబు మన ప్రాణాలు కాపాడింది.

కాని ఆ ఇంట్లో మొదటి వేసవి రాత్రే మా అమ్మ చాప చంకన పెట్టుకొని వాకిట్లోకి వచ్చేసింది. “లోపల కుంపటి కింద పడుకున్నట్లుంది నాయనా” అంది. సైన్సు చదవని మా అమ్మ చెప్పిన ఆ మాటలో సైన్సు ఉంది. ఎలాగో చూద్దాం.

తాటాకు కప్పులో ఆకు ఎంత ఉంటుందో, ఆకుల మధ్య చిక్కుకున్న గాలి అంతకన్న ఎక్కువ ఉంటుంది. కదలకుండా నిలిచిన గాలి మంచి ఉష్ణబంధకం. గొంగళి కప్పుకుంటే చలి ఆగేది అందులో చిక్కుకున్న గాలివల్లనే. అదే గాలి కప్పులో ఉంటే ఎండ ఆగుతుంది. శ్లాబు అలా కాదు. కాంక్రీటు గట్టిది, బరువైనది, వేడిని బాగానే ప్రసరింపజేస్తుంది. పగలంతా సూర్యకిరణాలను మింగుతుంది. బరువెక్కువ కాబట్టి ఆ వేడిని కడుపులో దాచుకుంటుంది. దాచుకున్నదాన్ని మెల్లమెల్లగా కిందికి దింపుతుంది. మిట్టమధ్యాహ్నం మింగిన వేడి మనం అన్నం తిని పక్క వేసుకునే వేళకు గదిలోకి దిగుతుందన్నమాట. రాత్రి ఎనిమిదికి మీ పాదాలకు తగిలిన వేడి అదే. అందులో కొంత ఆకాశంలోకి పోతుంది, కొంత మీ మంచంమీదికి వస్తుంది.

కప్పులోనుంచి వేడి ఎంత జోరుగా దిగుతుందో కొలవడానికి ఇంజనీర్లు ఒక సంఖ్య వాడతారు. కప్పు పైకీ కిందికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు, ఒక చదరపు మీటరు మేర ఎన్ని వాట్ల వేడి దాటుతుందో చెప్పే సంఖ్య అది. దానిని ఉష్ణ ప్రసార గుణకం అందాం. ఏ పూతా, ఏ పొరా లేని మామూలు శ్లాబుకు ఇది మూడున్నరకు దగ్గరగా ఉంటుంది. ఇప్పుడు ఒక చిన్న లెక్క చేయండి. గది కప్పు 12 చదరపు మీటర్లు, పైకీ కిందికీ తేడా 20 డిగ్రీలు అనుకోండి. మూడున్నరను 12తోనూ, 20తోనూ గుణిస్తే 840 వాట్లు వస్తుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే అయినా సంగతి అర్థమవుతుంది. ఇంటి కప్పుమీద ఒక ఇస్త్రీపెట్టె ఆన్ చేసి వదిలేసినట్లే! మా అమ్మ చెప్పిన కుంపటి ఇదే.

ఆ కుంపటి కింద పడుకొని మనం ఏం చేస్తాం? ఫ్యాను వేస్తాం. ఫ్యాను గాలిని చల్లబరచదు. ఒంటిమీది చెమటను త్వరగా ఆర్పుతుంది, చెమట ఆరుతూ మన ఒంటి వేడిని పట్టుకుపోతుంది. మన తీరంలో గాలినిండా తేమ కాబట్టి చెమట తొందరగా ఆరదు. అందుకే ఉన్నవాళ్ళు ఏసీ పెట్టుకుంటున్నారు. ఏసీ గదిలోని వేడిని ఎత్తి వీధిలో పోస్తుంది, అందుకు కరెంటు తింటుంది. కప్పు మీదనుంచి వేడి దిగుతూనే ఉంటుంది, ఏసీ తోడిపోస్తూనే ఉంటుంది. చిల్లిపడిన పడవలో కూర్చొని నీళ్ళు తోడుకునేవాడిని మన బెస్తవారు ఏమంటారు? ముందు చిల్లి పూడ్చుకో అంటారు. నేను చెప్పబోయేదీ అదే.

ఆ కరెంటు ఎక్కడినుంచి వస్తున్నదో మనకు మరొకరు చెప్పనక్కరలేదు. ముత్తుకూరు పక్కన నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు మనకు దూరంనుంచే కనిపిస్తాయి. అక్కడ 800 మెగావాట్ల యూనిట్లు మూడు ఉన్నాయి. ఓడల్లో కృష్ణపట్నం రేవుకు వచ్చిన బొగ్గు అక్కడ మండుతుంది. ఇటువంటి మేలైన కేంద్రంలో కూడా బొగ్గులోని 100 పాళ్ళ వేడిలో కరెంటుగా మారేది సుమారు 40 పాళ్ళే. మిగతాది నీళ్ళలోకీ గాలిలోకీ పోతుంది. తీగలలో మరికొంత పోతుంది. ఒక యూనిట్ కరెంటు మన ఇంటికి చేరాలంటే అరకిలోకు పైగా బొగ్గు కాలాలి. దాని బూడిద మన పొలాల పక్కనే కుప్పపడుతుంది, దాని పొగ మన ఆకాశంలోనే కలుస్తుంది. కనుక మనం ఇంట్లో ఒక యూనిట్ మిగిల్చితే, కొలిమిలో రెండున్నర యూనిట్లకు పైగా వేడి మిగిలినట్లు. విద్యుత్ కేంద్రాల పక్కన ఉండేవాళ్ళకు ఈ లెక్క మిగతావాళ్ళకంటె బాగా తెలిసి ఉండాలి.

ఇది పొదుపు గురించి మాత్రమే కాదు. 2003లోనూ, 2015లోనూ వడగాడ్పులు మన రాష్ట్రంలో ఏటికి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీశాయి. పగలు ఎండలో పనిచేసి వచ్చిన శరీరానికి రాత్రి చల్లబడే అవకాశం కావాలి. ఇల్లే కుంపటి అయితే ఆ అవకాశం ఉండదు. ముసలివాళ్ళకూ, పసిపిల్లలకూ, గర్భిణీలకూ ఇది ప్రాణాలమీది సంగతి.

మరి దీనికి చట్టాలు లేవా అని మీరు అడగవచ్చు. ఉన్నాయి. 2001లో మన దేశంలో ఇంధన పొదుపు చట్టం వచ్చింది. దాని కింద 2007లో పెద్ద వాణిజ్య భవనాలకు ఒక నియమావళి తయారయింది. గోడలు, కప్పు, అద్దాలు, దీపాలు, ఏసీలు ఎలా ఉంటే కరెంటు తక్కువ ఖర్చవుతుందో అందులో రాశారు. దానిని తమ వాతావరణానికి తగినట్లు దిద్దుకొని అమలు చేసుకొనే బాధ్యత రాష్ట్రాలది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014 జనవరిలో తన సొంత నియమావళిని ప్రకటించింది. ముందుగా ఆ పని చేసిన రాష్ట్రాలలో మనదీ ఒకటి. సంతోషించవలసిన సంగతే.

2018లో ఇళ్ళకు కూడా ఒక నియమావళి వచ్చింది. దానిపేరు ‘ఎకో నివాస్ సంహిత’. అందులోని రెండు నియమాలు ఎనిమిదో తరగతి పిల్లవాడికి కూడా అర్థమవుతాయి. ఒకటి: ఇంటి కప్పు ఉష్ణ ప్రసార గుణకం 1.2 దాటకూడదు. మన మామూలు శ్లాబుది మూడున్నర కదా! 1.2 ఉంటే పై లెక్కలోని 840 వాట్లు 288 వాట్లకు దిగుతాయి. రెండు: మనలాంటి వేడీ తేమా కలిసిన ప్రాంతాలలో, బయటికి తెరుచుకునే కిటికీలు, తలుపుల ఖాళీ నేల వైశాల్యంలో ఆరోవంతుకు తగ్గకూడదు. 10 అడుగులకు 12 అడుగుల గది అనుకోండి. నేల 120 చదరపు అడుగులు. అందులో ఆరోవంతు 20. మూడడుగులకు నాలుగడుగుల కిటికీ ఒకటి పెడితే 12 అడుగులే. అలాంటి కిటికీలు రెండు కావాలి. రెండూ ఎదురెదురుగా ఉంటే ఇంకా మేలు, సముద్రపు గాలి ఒకదానిలోనుంచి వచ్చి రెండోదానిలోనుంచి పోతుంది.

చక్కటి నియమాలు. అయితే ఎవరిమీద అమలవుతున్నాయి? నూరు కిలోవాట్లు, అంతకు మించి కరెంటు తీసుకునే భవనాలను చట్టం లెక్కలోకి తీసుకుంటుంది. పెద్ద ఆసుపత్రి, పెద్ద హోటలు, పెద్ద ఆఫీసు, పెద్ద అపార్టుమెంటు. మా అమ్మ ఇల్లు ఆ లెక్కలోకి రాదు. మీ ఇల్లూ రాదు. మీ బడి కూడా చాలా చోట్ల రాదు. పల్లెలో ఇంటి ప్లాను చూసేవాళ్ళు రోడ్డుకు ఎన్ని అడుగులు వదిలారో చూస్తారు. ఆ కప్పు కింద మనిషి ఎలా పడుకుంటాడో చూడరు. ఒక్కో ఇల్లు తినే కరెంటు తక్కువే, నిజమే. అలాంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో కూడా లెక్క చూడాలి కదా!

పక్క రాష్ట్రం ఏం చేసిందో చూడండి. 2017లో హైదరాబాదులోని కొన్ని పేదల ఇళ్ళమీద ఎండను తిప్పికొట్టే తెల్లటి పొర పరిచి చూశారు. ఆ ఇళ్ళలో గాలి వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గింది. తరువాత 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పును చల్లబరచాలన్నది దాని లక్ష్యం. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలూ అంతకుమించిన స్థలంలో కట్టే ఇళ్ళకు దీనిని తప్పనిసరి చేశారు. అంతకన్న చిన్న ఇళ్ళకు ఇష్టమైతే చేసుకోవచ్చు అన్నారు. మంచి ప్రయత్నం. కాని చిన్న ఇంటివాడికే వేడి ఎక్కువ, డబ్బు తక్కువ. అతనికి ‘ఇష్టమైతే’ అన్న మాట ఎంతవరకు సాయపడుతుంది?

“ఇవన్నీ ఎవరికి వారు చేసుకోవలసినవి, ప్రభుత్వం ఎందుకు?” అని కొందరు అంటారు. వారికి ఒక భౌతిక శాస్త్రజ్ఞుని కథ చెబుతాను. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్థర్ రోజెన్‌ఫెల్డ్ అనే ప్రొఫెసరు ఉండేవారు. ఎన్రికో ఫెర్మీ శిష్యుడు. 1973 చివరలో ప్రపంచమంతటా చమురు కరువు వచ్చింది. ఒక శుక్రవారం రాత్రి ఆయన ఇంటికి వెళ్ళబోతూ, ఆ అంతస్తులోని గదులన్నిటిలో దీపాలు వెలుగుతుండడం గమనించారు. ఆర్పుదామని ఒక్కో గదిలోకీ వెళ్ళారు. చాలా గదుల్లో స్విచ్చి కనబడలేదు. పుస్తకాల బీరువాల వెనక ఉంది! అక్కడ మనుషులకు పొదుపు తెలియక కాదు, పొదుపు చేయడానికి వీలు లేకుండా గది అమర్చారు. అప్పటినుంచి ఆయన కణ భౌతిక శాస్త్ర పరిశోధన వదిలి భవనాల పరిశోధన పట్టారు. 1970లలో కాలిఫోర్నియా భవనాలకూ పరికరాలకూ నియమాలు పెట్టింది. ఆ తరువాత దశాబ్దాలలో అమెరికాలో మనిషికి సగటు కరెంటు వాడకం బాగా పెరిగితే, కాలిఫోర్నియాలో మాత్రం దాదాపు పెరగకుండా నిలిచింది. వాతావరణం, పరిశ్రమల తేడాలు కూడా అందుకు కొంత కారణమే, అయినా నియమాల పాత్ర చిన్నది కాదు. ఒక్క రాష్ట్రం తలచుకుంటే ఏం చేయగలదో దీనివల్ల తెలుస్తుంది.

అంత దూరం ఎందుకు? మన ఎల్.ఇ.డి. బల్బు సంగతే చూడండి. 2014లో ప్రభుత్వ సంస్థ కొన్నప్పుడు ఒక్కో బల్బు 310 రూపాయలు. లక్షలూ కోట్లూ కలిపి ఒకేసారి కొనడం మొదలుపెట్టాక 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. ఒక్కొక్కరం విడివిడిగా బేరమాడితే ఆ ధర దిగేదా? ఇళ్ళ కప్పులకూ అదే సూత్రం వర్తిస్తుంది.

కనుక నా అభిప్రాయం ఇది. మన రాష్ట్రం మూడు పనులు చేయాలి.

మొదటిది, ప్రభుత్వం డబ్బుతో కట్టే ప్రతి ఇంటికీ కప్పు నియమం, కిటికీ నియమం తప్పనిసరి చేయాలి. తుపానుకు తట్టుకోవాలని ఇంజనీరు ఇనుము లెక్క చూస్తున్నాడు కదా, అలాగే ఎండ లెక్కా చూడాలి. శ్లాబుమీద అంగుళం మందాన ఉష్ణబంధకపు పలక పరచి పైన పలచటి కాంక్రీటు పోస్తే 1.2 లోపలికి వస్తుంది. ఇల్లు కట్టేటప్పుడైతే ఇది కొద్దిపాటి ఖర్చు, కట్టాక అయితే పెద్ద పని.

రెండవది, బడులతో మొదలుపెట్టాలి. మన గదులలోని పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తింటుంది. కొత్తరకం బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. 40 ఫ్యానులున్న బడి రోజుకు ఆరు గంటల చొప్పున 200 రోజులు నడిస్తే 2160 యూనిట్లు మిగులుతాయి. అంటే ఒక టన్నుకు పైగా బొగ్గు! లెక్క సరిగా ఉందో లేదో మీరే చేసి చూడండి.

మూడవది, పంచాయతీలో ఇచ్చే ప్లాను కాగితంలో రెండే రెండు గడులు పెంచాలి: కప్పుకు ఏం వేస్తున్నారు? తెరుచుకునే కిటికీలు నేలలో ఎన్నోవంతు? మొదటి రెండేళ్ళు జరిమానాలు వద్దు. అడిగితే చాలు, మేస్త్రీ ఆలోచిస్తాడు, ఇంటివాడు ఆలోచిస్తాడు.

దీనికి అభ్యంతరాలు ఉన్నాయి. “తెల్లసున్నం మన ఈశాన్య రుతుపవనాల వానకు కొట్టుకుపోతుంది” అంటారు. నిజమే. అందుకే వానలు వెళ్ళాక, శివరాత్రి రోజుల్లో ఏటా వేసుకోవాలి. పండుగకు గోడలకు సున్నం కొట్టుకోమా? “కిటికీలు ఎక్కువ పెడితే దోమలు, దొంగలు” అంటారు. అదీ నిజమే. దోమతెర, ఊచలు బిగించాలి. ఉప్పుగాలికి మామూలు బందులు తుప్పుపట్టి కిటికీ తెరుచుకోదు కనుక తుప్పుపట్టనివి వాడాలి. “ఎదుటివాడు గోడకు గోడ ఆనించి కట్టాడు, గాలి ఎలా వస్తుంది?” అంటారు. అందుకే ఇది ఒక్క ఇంటివాడితో అయ్యే పని కాదని, కాలనీ వేసేటప్పుడే గాలిదారి చూడాలని నేను చెబుతున్నది.

ఇందులో మనకు కొత్త సంగతి కూడా ఏమీ లేదు. మన పాత మిద్దెలు చూడండి. దూలాలమీద సన్నటి ఇటుకలు సున్నంతో పేర్చి, దానిమీద ఇటుకముక్కలూ సున్నమూ కలిపి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతూ ఆడకూలీలు రోజుల తరబడి చెక్కలతో కొట్టి దిమ్మిస చేసేవారు. ఆ మందపు కప్పు కింద మధ్యాహ్నం ఎంత హాయిగా ఉంటుందో అలాంటి ఇళ్ళలో పెరిగినవారిని అడగండి. మరిచిపోయిన తెలివిని కొత్త లెక్కలతో మళ్ళీ తెచ్చుకోవాలి.

ఇక మీ వంతు. ఒకే సైజు రేకు డబ్బాలు రెండు తీసుకోండి. ఒకదానికి సున్నం పూయండి, రెండోదానికి బొగ్గుపొడి కలిపిన జిగురు పూయండి. మూతకు చిల్లి పెట్టి ఒక్కోదానిలో ఒక ఉష్ణమాపకం దింపి ఎండలో పెట్టండి. పది నిమిషాలకొకసారి రాసుకోండి. మా బడిలో ఏటా ఈ ప్రయోగం చేయిస్తాను. నల్లడబ్బా పాదరసం ముందుకు పోతుంటే పిల్లలు పందెం చూసినట్లు కేకలు వేస్తారు. తరువాత టేపు తీసుకొని మీ తరగతి గది నేలనూ, తెరుచుకునే కిటికీలనూ కొలవండి. ఆరోవంతు ఉందా? బందు పట్టి తెరుచుకోని కిటికీని లెక్కలోకి తీసుకోకండి. మీ ఇంటిదీ, పక్కింటిదీ కొలవండి. ఆ అంకెలన్నీ ఒక కాగితంమీద పట్టికగా రాసి, మీ ప్రధానోపాధ్యాయుల సంతకంతో పంచాయతీకి ఇవ్వండి. “బాగా ఉక్కగా ఉంది” అంటే ఎవరూ వినకపోవచ్చు. “120 అడుగుల గదికి 12 అడుగుల కిటికీ ఉంది, 20 కావాలి” అంటే జవాబు చెప్పక తప్పదు.

మా అమ్మ ఇప్పుడు లేదు. ఆ ఇల్లు ఉంది. దాని మిద్దెకు నేను ఏటా శివరాత్రి ముందు సున్నం వేస్తాను, పడమటి గోడకు ఒక కిటికీ కూడా తీయించాను. తూర్పు కిటికీలోనుంచి వచ్చిన గాలి దానిలోనుంచి పోతుంది. ఇప్పుడు మా మనుమరాలు మే నెలలో ఆ గదిలోనే పడుకుంటుంది, చాప తీసుకొని వాకిట్లోకి రాదు. ఆ పని ముప్పై ఏళ్ళ ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది. మీకు ఇప్పుడే తెలిసింది కదా! ఇల్లు కట్టబోయే పెద్దలు మీ ఇంట్లో ఎవరున్నా, ఈ సాయంత్రమే ఆ రెండు లెక్కలు వారికి చెప్పండి.